చేప గుర్తులు

హార్డ్‌వేర్ కొట్టువాడు ఊరికే ఇచ్చిన క్యాలెండరు
పొయ్యి పక్క గోడకి, మేకు మీద.
అందులో మైతే పెన్సిలుతో వేసుకున్న చేపలు,
చిటికెన వేలి గోరంతవి,
ఎవరికీ అర్థం కాకూడదని.

జనవరిలో ఆరు, వరసగా.
ఫిబ్రవరి ఖాళీ.
మార్చిలో రెండు, వారం ఆగి మళ్ళీ నాలుగు.
ఏప్రిల్ ఖాళీ. మే ఖాళీ.
జూన్‌లో పదకొండు.
పదకొండో చేపకి తోక లేదు,
పెన్సిలు ముక్కు విరిగింది.

"ఏప్రిల్లో ఒక్కటీ పడలేదా?"
తొమ్మిదేళ్ళ తమ్ముడు
పెద్ద జాలరిలా నడుమున చేతులు పెట్టుకుని అడిగాడు.
"గాలి బాగోలేదు" అంది.

చిలోయె దీవుల్లో ఇది చిట్టచివరిది.
నలభై ఇళ్ళు, వానకి నల్లబడ్డ చెక్క పెంకుల గోడలు,
ఆరుగురు ఆడపిల్లలున్న తరగతి.
అనాయీస్‌కి ఇరవై ఎనిమిదో రోజున
బడిగంట కొట్టినట్టు వస్తుందట.
చెప్పి మరీ నవ్వుతుంది.
మైతే జూన్‌లో లెక్కల పరీక్షప్పుడు
బోర్డు దగ్గరికి రమ్మంటే లేవలేదు,
మడిచిన స్వెట్టరు మీద బిగుసుకుని కూర్చుంది.
మొండితనం అనుకుని మాస్టారు
మూడు మార్కులు కోశాడు.

నాయనమ్మ క్లోతీల్దెకి కారణం ముందే తెలుసు:
ఆటుకి అల్చిప్పలు ఏరబోతే
చలి పాదాల్లోంచి పొత్తికడుపుకెక్కింది. అంతే.
అమ్మ మాత్రం మే నెల చివర
ఏదో అడగబోయి ఆగింది,
ఆ పూట బంగాళాదుంపలకి తొక్క మందంగా తీసింది.
అడగని ఆ ప్రశ్న మైతేకి వినపడింది.
ఏ అబ్బాయి చెయ్యీ పట్టుకోని పిల్ల
రాత్రంతా రేకు మీద వాన లెక్కపెట్టింది.

నేను రాసే ఈ భాషలో దీన్ని నెలసరి అంటాం.
ఆ పేరు పెట్టినవాళ్ళెవరో
నెలని చూశారు, సరిని చూశారు,
పద్నాలుగేళ్ళ పిల్లని చూడలేదు.

జూలై పన్నెండున రావలసిన ఆరోగ్య పడవ
ఇరవై ఏడున వచ్చింది.
పసుపు రంగు పడవ. అందులో పళ్ళ డాక్టరు,
టీకాల పెట్టె, కాలేజీలో చదివిన మంత్రసాని
ఇర్మా బార్రియా, తడిసిన బూట్లతో.

"మీరు పన్నెండున రావాలి కదా?"
"రేవు మూసేశారమ్మా, తుఫాను."
"పోయిన నెల?"
"ఇంజను."
"అంతకుముందు నెల రెండుసార్లొచ్చారు."
"అవును. ఒకావిడకి నొప్పులు."

మైతే ఏమీ అనకుండా
కోటు లోపల్నించి క్యాలెండరు తీసి బల్ల మీద పరిచింది.
ఇర్మా చేపల్ని చూసింది, పిల్లని చూసింది,
పకపకా నవ్వేసింది, ఆపుకోలేక.
తర్వాత నవ్వు లేకుండా
కింది కనురెప్ప లాగి చూసింది. పాలిపోయి ఉంది.
సూది గుచ్చి ఒక చిన్న సీసాడు రక్తం తీసింది.

"మొదటి రెండు మూడేళ్ళు ఇలా ఉండొచ్చు.
ఒళ్ళు ఇంకా దారి నేర్చుకుంటోంది.
కానీ పదకొండు రోజులు ఎక్కువే, ఐరన్ బిళ్ళలు వేసుకో.
మూడు నెలలు దాటినా రాకపోతే,
గంటకో ప్యాడు తడిసినా, కళ్ళు తిరిగినా
నా పడవ కోసం కూర్చోకు.
మేం ఎప్పుడొస్తామో చూశావుగా.
బళ్ళో రేడియో ఉంది, పిలువు."

ఇంటికొస్తే క్యాలెండరు మేకుకి
దారం కట్టిన పెన్సిలు వేలాడుతోంది.
ముక్కు చెక్కి ఉంది, ఎగుడుదిగుడుగా,
దుంపల కత్తితో చెక్కినట్టు.
అమ్మ పొయ్యిలో కట్టె సర్దుతోంది, వెనక్కి తిరగలేదు.

తోక లేని చేపకి మైతే తోక వేసింది.

ఆగస్టు పదో తారీఖు.
ఇంకా ఏమీ పడలేదు.
తమ్ముడు రోజూ వచ్చి చూసిపోతున్నాడు.